రాని తుఫానుకు పదో నంబరు

నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే రేపల్లె, బాపట్ల వైపు ఇళ్ళలో ముందు వినిపించే ప్రశ్న ఒకటే: నిజాంపట్నంలో ఎన్నో నంబరు ఎగరేశారు? రేడియో రోజుల నుంచి ఉన్న అలవాటిది. మన ఓడరేవుల్లో ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. ఒకటీ రెండూ అంటే ఎక్కడో నడిసముద్రంలో ఏదో పుట్టిందని. మూడూ నాలుగూ అంటే రేవుకు ఈదురుగాలి తగలవచ్చని. ఐదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. పదకొండోది మరీ చిత్రమైనది. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని దాని అర్థం.

మనిషి ఒంట్లోనూ ఇలాంటి సూచిక స్తంభం ఒకటుంది. ముప్పు కనబడగానే దాని మీద నంబరు లేస్తుంది, ముప్పు తప్పగానే దిగుతుంది. పరీక్ష ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం, బిడ్డకు జ్వరం దిగకపోతే కాలు నిలవకపోవడం, కోతకొచ్చిన చేను మీద మబ్బు పడితే రైతు గట్టు వదలకపోవడం, ఇవేవీ జబ్బులు కావు. సూచిక తన పని తాను చేస్తోంది, అంతే. కొందరిలో మాత్రం ఆకాశం నిర్మలంగా ఉన్నా ఉన్నట్టుండి పదో నంబరు లేస్తుంది. మరికొందరిలో ఎప్పుడో లేచిన మూడో నంబరు నెలల తరబడి దిగనే దిగదు. చదువు, ఉద్యోగం, పెళ్ళిపేరంటాలు, చివరకు వీధి చివరి కొట్టుకు వెళ్ళిరావడం కూడా ఆ నంబరు చెప్పినట్టే జరగడం మొదలవుతుంది. దాన్నే ఆందోళన రుగ్మత అంటున్నాం. భయం ఉన్నంత మాత్రాన అది జబ్బు అయిపోదు. ఆ భయం మనిషి బతుకును ఎంత కుదించింది, ఎన్నాళ్ళుగా కుదిస్తోంది అని వైద్యుడు చూస్తాడు.

ఇదేదో అరుదైన సంగతి అనుకోకూడదు. 2019లో ప్రపంచంలో 30 కోట్ల మందికి పైగా ఆందోళన రుగ్మతలతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2017 నాటి మన దేశపు అంచనాలో 19.7 కోట్ల మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటే, అందులో సుమారు నాలుగున్నర కోట్ల మందిది ఆందోళన. కుంగుబాటు బాధితులూ దాదాపు అంతేమంది. మగవారికన్నా ఆడవారిలో ఇది ఎక్కువ. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. అయితే సర్వే తేల్చిన ఒక మాట మనకూ వర్తించేదే: రుగ్మతను బట్టి నూటికి డెబ్భై నుంచి తొంభై మంది దాకా వైద్యం అందనివారే.

లక్షణాల కోసం తెలుగువాడు వైద్య గ్రంథం తిరగెయ్యనక్కర్లేదు. మన నుడికారమే ఒక గ్రంథం. గుండె దడ, ముచ్చెమటలు, నాలుక పిడచగట్టడం, కాళ్ళూ చేతులూ చల్లబడటం, కడుపులో దేవడం, ఒళ్ళు గగుర్పొడవడం, కళ్ళు బైర్లు కమ్మడం, వేళ్ళు కొంకర్లు పోవడం. వీటిలో ఒక్కటీ కవి కల్పన కాదు, అన్నీ శరీరధర్మ శాస్త్రమే. చీకట్లో కాలికింద మెత్తగా ఏదో కదిలిందనుకోండి. అది తాడో పామో తేలకముందే మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. పరిగెత్తవలసిన కాళ్ళకు రక్తం పంపాలి కాబట్టి గుండె వేగం పెరుగుతుంది, అదే దడ. ఆ రక్తాన్ని చర్మం నుంచీ పేగుల నుంచీ మళ్ళిస్తుంది కాబట్టి చేతులు చల్లబడతాయి, కడుపులో దేవుతుంది. అన్నం అరిగించుకునే వేళ కాదు కాబట్టి లాలాజలం ఆగి నాలుక పిడచగడుతుంది. పరుగుతో వేడెక్కబోయే ఒంటిని ముందే చల్లార్చడానికి చెమట పడుతుంది. పోరాటానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఈ ఏర్పాటును అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు.

వేళ్ళు కొంకర్లు పోవడం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. చూసేవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువగా హడలగొట్టేది అదే, గాలో ధూళో సోకిందన్న మాటలు పుట్టేదీ అక్కడే. భయపడ్డ మనిషి వేగంగా, ఎగశ్వాసగా గాలి పీలుస్తాడు. పారిపోతున్నవాడైతే ఆ గాలి ఖర్చవుతుంది. మంచం మీద కూర్చున్నవాడికి ఖర్చు లేదు. దాంతో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది, రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది, నరాలను అదుపులో ఉంచే కాల్షియం అయాన్లు తగ్గుతాయి. పెదవుల చుట్టూ తిమ్మిరి, వేళ్ళలో చీమలు పాకినట్టు జిలజిల, ఆపైన వేళ్ళు బిగుసుకుని కొంకర్లు. మెదడులోని రక్తనాళాలు కొద్దిగా కుంచించుకుపోయి తల తిరుగుతుంది. గాలి ఎక్కువై జరుగుతున్న ఈ తతంగం అనుభవించేవాడికి మాత్రం గాలి చాలడం లేదన్నట్టే తోస్తుంది. అందుకని ఇంకా గట్టిగా పీలుస్తాడు. శ్వాస నెమ్మదిస్తే కాసేపటికి అంతా సర్దుకుంటుంది. అప్పటికే చుట్టుపక్కలవాళ్ళు ఉల్లిపాయ వాసన చూపించో, చేతిలో ఇనుప ముక్క పెట్టో ఉంటారు. తగ్గిన ఘనత ఉల్లిపాయకు దక్కుతుంది.

ఇక ఒక మనిషిని ఊహించుకుందాం. ఈమె ఏ ఒక్కరూ కాదు, వైద్యులు వినే పలు కథల్ని కలిపి నేను అల్లిన మనిషి. తెనాలిలో కాలవ పక్క వీధిలో పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది, ముప్ఫై రెండేళ్ళు. పుట్టిల్లు రేపల్లె. ఒక వేసవి సాయంత్రం పాసింజరు బండిలో పుట్టింటికి వెళ్తుంటే వేమూరు దాటాక ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు. ప్రాణం పోతోందనిపించింది. తరవాతి స్టేషన్లో దిగిపోయి, భర్తకు ఫోను చేసి, ఆటోలో వెనక్కి వచ్చేసింది. ఆసుపత్రిలో ఇ.సి.జి. తీశారు, బాగానే ఉంది. గ్యాస్ అన్నారు. మళ్ళీ వస్తే ఎకో అన్నారు, అదీ బాగానే ఉంది. ఎవరో ఎండోస్కోపీ చేయించుకోమన్నారు. వీధి చివర వైద్యుడు సెలైన్ ఎక్కించి బలానికి సూది వేశాడు. బంధువులు తాయెత్తు కట్టించారు. అందరూ కలిసి ఒక సలహా మాత్రం ఉచితంగా ఇచ్చారు: ఏమీ మనసులో పెట్టుకోకు, ధైర్యంగా ఉండు. లోకంలో ఇంత చవకైన, ఇంత పనికిరాని మందు మరొకటి లేదు. ఎనిమిది నెలలైంది, ఆమె రైలెక్కలేదు. అమ్మ ఫోను చేసి, ఏమ్మా, సంక్రాంతికైనా రావా అంటుంది. పిల్లల పరీక్షలమ్మా అంటుంది ఈమె.

గుండెకు జబ్బు లేకుండా గుండె ఇలా కొట్టుకోవడం వైద్యులను చాలాకాలం తికమక పెట్టింది. అమెరికా అంతర్యుద్ధంలోని సైనికుల్లో ఈ బాధను చూసిన జేకబ్ మెండెజ్ డకోస్టా 1871లో ఒక పత్రం రాస్తూ దాన్ని చిరాకు గుండె అన్నాడు. ఆ తర్వాత దానికి సైనికుడి గుండె అనీ మరొకటనీ పేర్లు మారాయి. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1980లో విడుదల చేసిన వర్గీకరణ గ్రంథంలో మాత్రమే పానిక్ రుగ్మతకు విడిగా చోటు దొరికింది. కాబట్టి మన ఆసుపత్రుల్లో దీన్ని గ్యాస్ అన్నారని మరీ నిష్ఠూరమాడనక్కర్లేదు.

పరీక్షలు వద్దని ఎవరూ అనుకోకూడదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే అచ్చం ఇలాంటి దడే, వణుకే, చెమటే. రక్తహీనత, గుండె లయ తప్పే కొన్ని జబ్బులు, మధుమేహానికి మందు వాడేవారిలో చక్కెర పడిపోవడం, ఉబ్బసానికి పీల్చే మందులు, మితిమీరిన కాఫీ టీలు, ఇవన్నీ ఆందోళన వేషం వేసుకుని వస్తాయి. మొదటిసారి ఛాతీలో నొప్పి వచ్చినవారు, అందులోనూ వయసు మళ్ళినవారు, ఇది పానిక్ అని ఇంట్లో తేల్చుకుని పడుకోకూడదు. పరీక్ష ఒకసారి సక్రమంగా జరగాలి. అదే పరీక్ష ఐదోసారి, ఆరోసారి జరుగుతున్నప్పుడు అది వైద్యం కావడం మానేసి జబ్బులో భాగమైపోతుంది. కాగితం చేతికొచ్చిన సాయంత్రం నిశ్చింతగా ఉంటుంది. వారం తిరిగేసరికి అనుమానం మళ్ళీ తలెత్తుతుంది.

మన టీచరమ్మకు ఎందుకు తగ్గడం లేదు? ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో దీనికి ఒక సమాధానం చెప్పాడు. అందరి గుండే అప్పుడప్పుడు లయ తప్పినట్టు కొట్టుకుంటుంది. చాలామంది పట్టించుకోరు. కొందరు దాన్ని చావుకు సూచనగా చదువుకుంటారు. ఆ చదువు భయాన్ని పుట్టిస్తుంది, భయం దడను పెంచుతుంది, పెరిగిన దడ ఆ చదువే సరైనదని రుజువు చూపిస్తుంది. ఇదంతా కొన్ని నిమిషాల్లో శిఖరానికి చేరుతుంది. ఆ తర్వాత శరీరమే దాన్ని దించుతుంది, అడ్రినలిన్‌కు అంతసేపు నిలిచే శక్తి లేదు. కానీ ఆమె దిగేదాకా ఉండలేదు, బండి దిగిపోయింది. దిగాక దడ తగ్గింది. దిగాను కాబట్టి బతికాను అన్న పాఠం మనసులో నాటుకుపోయింది. తుఫాను కబురు వినగానే ప్రతిసారీ ఊరు ఖాళీ చేసి గుంటూరు వెళ్ళిపోయేవాడికి తుఫాను రాలేదన్న సంగతి ఎన్నటికీ తెలియదు, వెళ్ళిపోవడం వల్లే మిగిలాననుకుంటాడు. ఆందోళన రుగ్మతలన్నిటికీ ప్రాణవాయువు ఈ తప్పించుకోవడమే.

రుగ్మతలన్నిటికీ అన్నాను గాని రూపాలు వేరు. ఊహించని దాడులు, మళ్ళీ వస్తాయేమోనన్న భయం కలిస్తే పానిక్. దాడి వస్తే బయటపడలేననుకునే రైళ్ళకూ సంతలకూ దూరమైపోతే జనస్థల భయం. నలుగురిలో మాట్లాడితే, తింటే, సంతకం పెడితే నవ్వుతారేమోనని ముడుచుకుపోతే సామాజికాందోళన. దీన్ని మనం సిగ్గరితనం అనుకుని, ఆడపిల్ల అయితే అణకువ అని మెచ్చుకుంటాం కూడా. పామో, ఎత్తో, సూదో, పెనుమూడి వారధి మీద ప్రయాణమో, ఒక్క వస్తువు చుట్టూ ముడిపడినది ఫోబియా. ఇవేవీ కాకుండా అప్పు, ఆరోగ్యం, కొడుకు అమెరికా వీసా, కూతురి సంబంధం అంటూ ఒకదాని తర్వాత ఒకటి ఆరు నెలలకు పైగా, దాదాపు ప్రతిరోజూ నమిలేస్తుంటే అది సాధారణీకృత ఆందోళన. పేరు నోరు తిరగనిదే గాని మనిషి మనకు బాగా తెలిసినవాడు. మెడ పట్టేస్తుంది, నిద్ర పట్టదు, ఊరికే విసుక్కుంటాడు. ఇంట్లోవాళ్ళు ఆయన స్వభావమే అంత అనేస్తారు.

అసలు ఇంత ఇబ్బంది పెట్టే సూచికను ప్రకృతి ఎందుకు ఉంచింది? దీనికి జవాబు మన తీరంలోనే రాసి ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో కృష్ణకు ఆ ఒడ్డున దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది. ఈ ఒడ్డున రేపల్లె, బాపట్ల ప్రాంతాలూ దెబ్బతిన్నాయి. పదివేల మందికి పైగా చనిపోయారు. హెచ్చరిక అందవలసిన గడపలకు అందవలసినట్టు అందలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అది 1977 నాటి తుఫానంత బలమైనది కాదన్నది నిజమే. అయినా ఈసారి తీరం ముందే ఖాళీ అయింది. ఈ నలభై ఆరేళ్ళలో ఎన్నోసార్లు జనాన్ని తరలించాక తుఫాను పక్కకు తప్పుకుంది, జనం విసుక్కుంటూ ఇళ్ళకు తిరిగొచ్చారు. ఒక్క హెచ్చరిక తప్పిపోతే పోయే ప్రాణాల ముందు పది వృథా హెచ్చరికల ఖర్చు లెక్కలోది కాదు. జీవపరిణామం కూడా ఈ లెక్కే వేసుకుందని అమెరికన్ వైద్యుడు రాండోల్ఫ్ నెస్సీ వాదించాడు. తాడును పామనుకుని వందసార్లు గెంతినవాడు బతికాడు. పామును తాడనుకుని ఒక్కసారి తొక్కినవాడికి వంశం మిగల్లేదు. మనమంతా ఆ గెంతినవాళ్ళ సంతానమే. సూచిక అతిగా లేవడం దాని తయారీలోనే ఉంది. రుగ్మత అంటే ఆ అతి మరికాస్త ముదరడం.

ఉప్పెన చూసినవారి సంగతి కొంత వేరు. మా వైపు పెద్దవాళ్ళలో, రేకుల కప్పు మీద గాలి హోరు వినబడితే దీపం తీసేసి పడుకోలేనివారిని నేనెరుగుదును. అనుభవించిన విపత్తు అలా వెంటాడటాన్ని ఇప్పుడు ఆందోళన రుగ్మతల పద్దులో వెయ్యడం లేదు. 2013 నాటి వర్గీకరణ దానికి వేరే అధ్యాయం కేటాయించింది. గీత ఎక్కడ గీసినా గాలి హోరుకు లేచి కూర్చునే మెదడు భాగాలూ, ఆందోళన రుగ్మతల్లో లేచేవీ చాలావరకు ఒకటే.

ఆ భాగాల్లో పేరు మోసినది అమిగ్డలా, కణతల వెనక లోపలగా రెండువైపులా బాదంగింజంత ఉంటుంది. కంటికి కనబడినదేమిటో మెదడు పైపొర పూర్తిగా గుర్తుపట్టేలోగానే ముప్పు కబురు అమిగ్డలాకు ఒక అడ్డదారిలో చేరగలదని న్యూయార్క్‌కు చెందిన జోసెఫ్ లెడూ పరిశోధనలు చూపించాయి. పత్రికల్లో దాన్ని భయకేంద్రం అని రాసేస్తుంటారు. అంత తేలిక కాదు. ఒక అరుదైన జన్యువ్యాధి వల్ల రెండు అమిగ్డలాలూ పాడైపోయిన అమెరికన్ మహిళ ఒకామె ఉంది, శాస్త్రపత్రాల్లో ఆమెకు ఎస్.ఎం. అన్న పొడి అక్షరాలే పేరు. పాములన్నా సాలీళ్ళన్నా ఆమెకు బెదురు లేదు. 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గాలి పీల్పిస్తే మాత్రం ఆమె హడలిపోయింది. ఊపిరాడకపోతే కలిగే భయానికి వేరే దారి ఉందన్నమాట. పానిక్ దాడుల్లో ఊపిరి ప్రసక్తి అంతగా ఎందుకొస్తుందో దీన్నిబట్టి కొంత ఊహించవచ్చు. వంశపారంపర్యం పాత్ర సుమారు మూడోవంతని కవలల మీద అధ్యయనాలు చెబుతాయి. మిగతాది పెరిగిన తీరు, పడ్డ దెబ్బలు, మోస్తున్న బరువులు.

మన సాహిత్యంలో పానిక్ దాడికి నిలువెత్తు బొమ్మ ఉత్తరకుమారుడు. అంతఃపురంలో బీరాలు పలికి, కౌరవసేన కంటపడగానే ఒళ్ళు గగుర్పొడిచి, రథం దూకి పరుగెత్తాడు. తిక్కన విరాటపర్వం చదివినవారూ, నాటకం చూసినవారూ అంతా నవ్వారు, ఉత్తరకుమార ప్రగల్భాలు అని సామెతే చేసుకున్నారు. తరవాతి ఘట్టాన్ని మాత్రం ఎవరూ సామెత చెయ్యలేదు. బృహన్నల ఆ పిల్లవాణ్ణి ఇంటికి పంపెయ్యలేదు, యుద్ధం చెయ్యమనీ అనలేదు. వెంటబడి పట్టుకొచ్చి, జమ్మిచెట్టు దాకా తీసుకెళ్ళి, పగ్గాలు చేతికిచ్చింది. అతణ్ణి భయపెట్టిన సేనకెదురుగానే, చెయ్యగలిగిన పని ఒకటి అప్పగించింది. ఆధునిక చికిత్స సరిగ్గా అక్కడ మొదలవుతుంది.

ఆధునికం అన్నా దానికీ వందేళ్ళు నిండాయి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్న పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును రోజుకింత దగ్గరికి జరిపింది. చివరకు వాడు దాన్ని నిమిరాడు. దక్షిణాఫ్రికాకు చెందిన జోసెఫ్ వోల్పీ 1958లో ఈ పద్ధతికి శాస్త్రీయమైన చట్రం కట్టాడు. ఆలోచనల్లోని పొరపాట్లను పట్టి పరీక్షించడం ఆరన్ బెక్ చేర్చాడు. ఈ రెండూ కలిసినదే ఇవాళ కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. వారానికొక గంట చొప్పున పన్నెండు నుంచి పదహారు వారాలు పడుతుంది.

మన టీచరమ్మకైతే నిచ్చెన మెట్లు రైల్వేవాళ్ళే కట్టి ఉంచారు. తెనాలి నుంచి రేపల్లె కొమ్మదారిలో చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన, తర్వాత రేపల్లె. మొదటి వారం తెనాలి ప్లాట్‌ఫాం మీద నిలబడి బండి కదిలిపోవడం చూసి రావడమే పని. అప్పుడు కూడా దడ వస్తుంది, రానివ్వాలి. తరవాత భర్త తోడుగా చినరావూరు. ఆపైన ఆయన వేరే పెట్టెలో. ఆపైన ఆమె ఒక్కతే జంపని దాకా. ఒక మెట్టు మీద భయం సగానికి పడ్డాకో, భయపడ్డది జరగలేదని గట్టిగా తెలిశాకో తరవాతి మెట్టు. షరతు ఒకటే. దడ శిఖరాన ఉన్నప్పుడు దిగకూడదు, దిగితే పాత పాఠమే మళ్ళీ రాసినట్టు. ఈలోగా చికిత్సకురాలి గదిలో కుర్చీలో గిరగిరా తిప్పుతారు, నిమిషంపాటు కావాలని ఎగశ్వాస తీయిస్తారు, మెట్లెక్కిస్తారు. తల తిరగడం, దడ, తిమ్మిరి, అన్నీ తన చేతులతో తెచ్చుకుని చూశాక వాటికి చావుతో సంబంధం లేదని ఒంటికే తెలుస్తుంది. చాలామందికి తెలియని ఇంకో సంగతి చేతిసంచిలో ఉంటుంది: నీళ్ళ సీసా, మాత్రల అట్ట, భర్త నంబరు తెరిచి ఉంచిన ఫోను. అవి ఉన్నంతకాలం వాటివల్లే గట్టెక్కాననుకుంటుంది. ఒక్కొక్కటిగా వాటినీ ఇంట్లో వదిలి వెళ్ళాలి. భట్టిప్రోలు చేరాక బండి దిగి, రెండువేల ఏళ్ళకు పైబడిన బ్రాహ్మీ అక్షరాలున్న ధాతుకరండాలు దొరికిన ఆ స్తూపం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి రమ్మని నేనైతే చీటీలో రాసేవాణ్ణి. అది చికిత్స కాదు, నా సరదా.

ఒక సంగతి ముందే చెప్పి ఉంచాలి. ఈ సాధన పాత భయాన్ని చెరిపెయ్యదు. దాని పక్కన కొత్త జ్ఞాపకం ఒకటి నాటుతుంది. ఆరిపోయిందనుకున్న స్పందన కొంత వ్యవధి తర్వాత తిరిగి తలెత్తడం పావ్లోవ్ తన కుక్కల్లోనే చూశాడు. ఆరు నెలలు బాగుండి మళ్ళీ ఒకరోజు దడ వస్తే అంతా మొదటికొచ్చిందని కూలబడనక్కర్లేదు. నాలుగు మెట్లు దిగి మళ్ళీ ఎక్కితే చాలు.

మందుల గురించి మన ఇళ్ళలో రెండు భయాలున్నాయి: అలవాటు పడిపోతామని, మొద్దుబారిపోతామని. ఈ భయాలు తప్పు మందు మీద ఉన్నాయి. సెర్ట్రలైన్, ఎస్సిటాలోప్రామ్ వంటివి నాడీకణాల మధ్య సెరటోనిన్ మీద పనిచేస్తాయి. వీటికి వ్యసనం ఉండదు. గుణం కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొలివారం కొందరికి గాభరా ఇంకాస్త పెరిగినట్టుంటుంది, అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. ఈ సంగతి చెప్పకుండా చీటీ రాస్తే రోగి నాలుగో రోజునే మానేసి, మందు పడలేదని ఊరంతా చెబుతాడు. తగ్గాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది వాడి, వైద్యుడు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఒక్కసారిగా మానితే తల తూలడం, చిరాకు వంటి ఇబ్బందులు వస్తాయి.

భయపడవలసినది నిజానికి అందరూ అడిగి తెచ్చుకునే మాత్రకు. హాఫ్‌మన్-లారోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టిన లిబ్రియం 1960లో, వేలియం 1963లో మార్కెట్లోకి వచ్చాయి. అల్ప్రాజోలం ఆ కుటుంబంలోదే. అరగంటలో హాయినిస్తుంది, దాని చిక్కూ అదే. వారాల్లోనే శరీరం దానికి అలవాటుపడి ఎక్కువ అడుగుతుంది. హఠాత్తుగా ఆపితే మొదటికన్నా పెద్ద ఆందోళన, వణుకు, కొందరికి మూర్ఛలు. తెలుగునేల మీద ఇది పెద్దయెత్తున కళ్ళబడింది. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు, నిజామాబాద్ వంటి జిల్లాల్లో జనం వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. కల్లులో కలిపేవి అల్ప్రాజోలం, డైజిపాం వంటివే. 2014 నుంచి ఈ రెండూ షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ మీద అమ్మినా కొన్నవారి వివరం రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. అడిగినవాడికి అట్ట తెంపి ఇచ్చే దుకాణం మీ వీధిలో లేకపోతే మీరు అదృష్టవంతులు. మగవాళ్ళలో ఇదే పని సాయంత్రం పూట క్వార్టర్ సీసా చేస్తుంది. రాత్రి దించిన నంబరును తెల్లారేసరికి రెండంకెలు పెంచి ఎగరేస్తుంది.

సాయం ఎక్కడ? తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలకు అందుబాటులో గుంటూరు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్ సహాయవాణి 14416 నంబరుకు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు లేదు. ఫోను చెయ్యాలా వద్దా అని తేల్చుకోలేనివారికి 2006లో తయారైన ఏడు ప్రశ్నల పట్టిక ఒకటుంది. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు గాభరాగా ఉంది, దిగులును ఆపుకోలేకపోయారా వంటివి అడుగుతుంది. 21కి 10 గాని అంతకు మించి గాని వస్తే వైద్యుణ్ణి కలవడం మంచిది. అసలు కొరత మందులది కాదు. నిచ్చెన మెట్ల మీద చెయ్యి పట్టి నడిపించే శిక్షణ ఉన్న మనుషులది. తాలూకా ఊళ్ళలో మానసిక వైద్యుడే అరుదు, చికిత్స చెప్పే మనస్తత్వ నిపుణుడు మరీ అరుదు. చీటీ రాయడానికి ఐదు నిమిషాలు చాలు, చినరావూరు దాకా పంపడానికి గంటలు కావాలి.

టీచరమ్మ కథ ఊహించిందే కాబట్టి ముగింపు కూడా నేనే చెబుతాను. మాఘమాసంలో ఒక ఆదివారం ఆమె ఒక్కతే రేపల్లెలో దిగింది. అమ్మ స్టేషన్‌కు వచ్చింది.

“దడ వచ్చిందా?”

“వచ్చిందమ్మా, పెనుమర్రు దగ్గర.”

“మరి?”

“భట్టిప్రోలు దాకా ఉంది. తర్వాత కిటికీ పక్కన చోటు దొరికింది.”

అమ్మ సంచీ అందుకుని, ఇంత తేలిగ్గా ఉందేమిటే, నీళ్ళ సీసా కూడా తెచ్చుకోలేదా అంది.